పసుపు గుర్తు

పోయినేడు అక్టోబరు నెలంతా నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఇర్వింగ్‌లో అద్దె అపార్ట్‌మెంట్, అరగంట దూరంలో ఇంకా పెయింట్ వాసన పోని కొత్త ఇల్లు, మధ్య హైవే మీద నేను. ఆఫీసు మీటింగులు సగం కార్లోనే విన్నాను. మా మేనేజరు నా మొహం కన్నా నా ఇండికేటర్ టిక్కుటిక్కుమనే చప్పుడే ఎక్కువగా గుర్తుపట్టేవాడు.

ఇంటి తాళాలు చేతికి రాకముందే గృహప్రవేశానికి ముహూర్తం వచ్చేసింది. కార్తీకమాసం, ఉదయం తొమ్మిదీ నలభై. మా అత్తయ్యగారు రాధారాణిగారు ఆర్నెల్ల కోసం వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే.

"ఆవు లేకుండా నేను గడప దాటను పద్మా. దూడతో ఉన్న ఆవు. ఒట్టి ఆవు పనికిరాదు."

డ్రైవ్‌వేలో అరగంటసేపు ఆవునీ దూడనీ నిలబెట్టుకోవడానికి అనుమతి ఇమ్మని కాలనీ అసోసియేషన్‌కి అర్జీ పెట్టాను. వాళ్ళ ఫారంలో కుక్క, పిల్లి, ఇతరములు అని మూడే గడులున్నాయి. ఇతరములు దగ్గర టిక్కు పెట్టి, బరువు ఎంత అన్నచోట ఏం రాయాలో తెలియక వదిలేశాను.

ఇవన్నీ చిన్న తలనొప్పులు. అసలు తలనొప్పి వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. మా అవనికి పన్నెండేళ్ళు. ఏప్రిల్ నుంచి నాతో మాట్లాడటం మానేసింది. ఫైన్, ఓకే, నో. ఈ మూడు మాటలతోనే ఆర్నెల్లు లాక్కొచ్చింది. అమ్మా అన్న పిలుపు మాత్రం లేదు. పిలవాల్సి వస్తే నా ఎదురుగా వచ్చి నిలబడేది.

తప్పు నాదే. ఇక్కడికి రాకముందు మేం హెర్న్‌డన్‌లో ఉండగా, మార్చిలో, "మనం మూవ్ అవుతున్నామా?" అని సూటిగా అడిగింది. అప్పటికే మా ఆయన దివాకర్‌కి ఇక్కడ ఉద్యోగం ఖాయమైంది. లేదన్నాను. స్కూలు అయ్యేదాకా పిల్లని ఎందుకు బాధపెట్టడం అనుకున్నాం ఇద్దరం. ఏప్రిల్‌లో దాని స్నేహితురాలి పుట్టినరోజుకి వెళితే, ఆ పిల్ల నాన్న మోహన్ అంకుల్ కేకు తింటూ అందరి ముందూ, "ఐతే టెక్సాస్ వెళ్ళిపోతున్నారన్నమాట!" అనేశాడు. ఇంటికొస్తుంటే కార్లో అవని ఒక్కటే మాట అంది.

"నిజం కానిది నాకు చెప్పొద్దు. ఎవర్ అగైన్."

చెప్పనని ఒట్టేశాను.

గుడివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో డేల్ అనే పెద్దాయన నంబరు ఇచ్చారు. రెండు గంటల దూరంలో ఆయనకి పశువుల రాంచ్ ఉంది. నాలుగు తరాలుగా అదే పని. మనవాళ్ళ గృహప్రవేశాలకి ఆవునీ దూడనీ ట్రైలర్‌లో ఎక్కించుకొస్తాడట. "శనివారం అందరూ రండి. మీ పాపకి రాంచ్ చూపిస్తా. ఆవుని మీరే ఎంచుకోండి" అన్నాడు. పిల్ల మొహంలో ఏమైనా కదలిక వస్తుందేమోనన్న ఆశతో బయల్దేరాం.

అత్తయ్యగారి ముందు నేను దివాకర్‌ని మీరు అంటాను. ఆవిడ వెనక సీట్లో కునుకు తీస్తే నువ్వు అంటాను. ఆ రెండు గంటల్లో ఆవిడ నాలుగుసార్లు కునుకు తీశారు, మేం నాలుగుసార్లు పోట్లాడుకున్నాం. నేను ఫోను కింద పెట్టడం లేదని దివాకర్, తను జీపీఎస్ మాట వినడం లేదని నేను. అవని హెడ్‌ఫోన్స్ తియ్యలేదు.

రాంచ్‌లో కారు దిగగానే అరుపులు. వంద ఆవులు, వంద దూడలు ఒక్కసారి అరిస్తే ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు వాళ్ళకి పనిరోజు. పాలు మాన్పించడానికి దూడల్ని తల్లుల్నుంచి విడదీసి కంచెకి అటొకటీ ఇటొకటీ పెట్టేశారు. రెండుమూడు రోజులు ఇలాగే అరుస్తాయనీ, తర్వాత మర్చిపోతాయనీ డేల్ చెప్పాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాళ్ళు వంగవు, గొంతు మాత్రం మెత్తన.

ఒక్కొక్క ఆవునీ ఇనుప కడ్డీల సందులోకి తోలుతున్నారు. పశువుల డాక్టరు భుజందాకా తొడుగు వేసుకుని అది చూడితో ఉందో లేదో చూస్తున్నాడు. లేదని తలూపితే, రామిరో అనే పనివాడు కొవ్వొత్తంత లావు పసుపు రంగు మైనపు కర్రతో దాని నడుం వెనక భాగం మీద ఒక పట్టీ గీసి వదులుతున్నాడు.

"పసుపు పడితే సోమవారం సంతకి" అన్నాడు డేల్.

ఆ మాట నా చెవిన పడింది. పడిందని ఒప్పుకోవడానికే ఇదంతా చెబుతున్నాను. నేనప్పుడు బిల్డర్‌తో ఫోన్లో ఉన్నాను. పూజగది తలుపు ఎడమకి తెరుచుకునేలా బిగించారని కేకలేస్తున్నాను.

"సంత తర్వాత?" అని అవని ఆయన్ని అడిగింది.

"ఎక్కువగా మాంసానికే" అన్నాడు డేల్. "నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా."

నేను ఫోను చెవినుంచి తీసి ఆయన వైపు కోపంగా చూశాను, పిల్లకి చెప్పే మాటేనా అది అని. అవని ఏడవలేదు. ఆయన మొహంలోకి కాసేపు చూసి, తలూపి, ఆయన పక్కకే వెళ్ళి నిలబడింది.

మాకోసం ఒక ఆవునీ దాని దూడనీ విడదీయకుండా పక్క దొడ్లో ఉంచాడు. తెల్లటి ఒళ్ళు, మూపురం, వేలాడే గంగడోలు. చెవికి ఆకుపచ్చ బిళ్ళ, దాని మీద నాలుగు వందల పదిహేడు. దూడ చెవికీ అదే అంకె. తల్లి నంబరే పిల్లకీ వేస్తారట.

"ఇది మన ఒంగోలు జాతే పద్మా!" అన్నారు అత్తయ్యగారు, మేనకోడలు ఎదురుపడినంత సంబరంగా. అవని ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. డేల్ నవ్వి, ఈ జాతి పెద్దలు ఎప్పుడో ఇండియా నుంచి ఓడల్లో వచ్చినవేనన్నాడు. ఎన్ని ఈతలు అయ్యాయో అడగమన్నారు అత్తయ్యగారు. ఈత అంటే ఏంటని అవని, ఈనడమని ఆవిడ. పది నిమిషాలు వాళ్ళిద్దరికీ మధ్య నిలబడి మాటలు అటూఇటూ మోసింది పిల్ల. అంత తెలుగు దాని నోట విని ఎన్నాళ్ళయిందో.

ఆవు కంచెలోంచి మూతి పెట్టి అవని మోచెయ్యి నాకింది.

"నానమ్మా! టంగ్ మొత్తం సాండ్‌పేపర్ లాగ ఉంది!" అని నవ్వింది.

ఆ నవ్వుకి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిల్డర్ ఇంకా లైన్లో ఉన్నాడు. కట్ చేసేశాను.

"దొడ్డి లోపలికి మాత్రం వెళ్ళకండి. మిగతాది మీ ఇష్టం" అని చెప్పి డేల్, దివాకర్‌నీ అవనినీ ట్రక్కులో ఎక్కించుకుని పచ్చిక బయలు చూపించడానికి వెళ్ళాడు. ఎండలో కుదుపులు పడలేక అత్తయ్యగారు ఆగిపోయారు. ఆవిడకి తోడు నేను.

ట్రక్కు మలుపు తిరిగిందో లేదో ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశారు. అందులో తడిపిన పసుపు ముద్ద.

"బొట్టు పెట్టి పిలవకుండా ఎవరైనా వస్తారా మనింటికి? దీన్నీ పిలవాలి కదా."

"అత్తయ్యా, ఆయన లోపలికి వెళ్ళొద్దన్నాడు."

"లోపలికి ఎవరెళ్ళమన్నారు? కడ్డీల్లోంచి చెయ్యి పెట్టు చాలు. నాకు అందదు."

ఆవు అటు తిరిగి గడ్డి తింటోంది. మా వైపు దాని వెనక భాగం. "నయమే అయింది. లక్ష్మీదేవి ఉండేది అక్కడే" అన్నారు. కుంకుమ భరిణె కోసం వెతికారు. అది అపార్ట్‌మెంట్లోనే ఉండిపోయింది. "పోనీలే, పసుపు చాలు. నిండుగా రాయి, పిసినారిలా ఒక్క చుక్క పెట్టి ఊరుకోకు."

నాకు ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ పిల్ల నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. డబ్బాలో ఉన్న ముద్దంతా తీసి, నడుం దగ్గర్నుంచి తోక మొదలుదాకా అడ్డంగా పూశాను. ఆవు ఒళ్ళు వెచ్చగా ఉంది. చర్మం ఒక్కసారి జలదరించింది. మా ఇంటికి రా తల్లీ అని పిలిచాను. మనసులో ఇంకోటి అడిగాను. ఇల్లు గురించి కాదు. నా పిల్ల నన్ను మళ్ళీ అమ్మా అనాలి, అంతే.

చెయ్యి జీన్స్‌కి తుడుచుకుని, బిల్డర్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. ట్రక్కు తిరిగొచ్చేసరికి ఆవు దొడ్డి అవతలి చివర మొహం ఇటు పెట్టి పడుకుంది.

ఆదివారం సాయంత్రం వంటగదిలో అట్టపెట్టెలు సర్దుతుంటే వెనకనుంచి, "అమ్మా, ఫోర్ సెవెంటీన్‌కి బనానాస్ ఇష్టమా?" అని వినబడింది. చేతిలో గ్లాసు కింద పెట్టి, వెంటనే తిరిగితే మాట ఆగిపోతుందేమోనని, అలాగే గోడవైపు నిలబడి, "ఇష్టమే అనుకుంటా" అన్నాను.

మంగళవారం డేల్ ఫోన్ చేశాడు.

ట్రైలర్ తోలడానికి వచ్చినవాడు కొత్తవాడట. పసుపు గుర్తున్నవన్నీ ఎక్కించుకోమన్నారట, ఎక్కించుకుపోయాడు. సోమవారం పొద్దున డేల్ వేరే దొడ్లో ఉన్నాడు. దూడ ఒక్కటే మిగిలి, నాలుగు వందల పదిహేడు కూడా వెళ్ళిపోయిందని తెలిసి సంతకి ఫోన్ చేసేసరికి కొన్నవాళ్ళ లారీ బయల్దేరిపోయింది. "దాని నడుం మీద పసుపు పట్టీ ఉందంటున్నాడు వాడు. నేను గీయలేదని రామిరో. ఇరవయ్యేళ్ళలో రామిరో నాతో అబద్ధం ఆడలేదు. నాకేం అర్థం కావడం లేదు."

నేను కార్లో ఉన్నాను. హైవే పక్కన ఆపాను.

"రామిరో కాదు. నేను" అన్నాను. ఎందుకు పూశానో చెప్పాను. బొట్టు పెట్టి పిలవడం అనేదాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. చెబుతుంటే నా చెవులకే పిచ్చిమాటలా వినబడింది.

"మంచి ఆవు" అన్నాడాయన. "వేరేదాన్ని తీసుకొస్తా."

ఆ సాయంత్రం అవని స్విమ్మింగ్ క్లాసులో ఉన్న గంటలో మా ముగ్గురి సమావేశం జరిగింది. అత్తయ్యగారు కుర్చీలోంచి లేవలేదు. "నేనే కదే నిండుగా రాయమన్నాను. గోవుని పంపించేశాను కదే చేజేతులా" అని నుదురు కొట్టుకున్నారు.

"అమ్మా, ఊరుకో. ఎవరికి తెలుసు ఇలా అవుతుందని" అన్నాడు దివాకర్. నా వైపు తిరిగాడు. "అవనికి మాత్రం ఇప్పుడు చెప్పకు. ఇప్పుడిప్పుడే కాస్త దారిలో పడుతోంది. గృహప్రవేశం అయ్యాక మెల్లగా చెబుదాం. అన్నీ తెల్లావులే కదా, ఏం తెలుస్తుంది?"

అవే మాటలు. హెర్న్‌డన్‌లో స్కూలు అయ్యాక అన్నాం, ఇక్కడ గృహప్రవేశం అయ్యాక. నాకు తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా సరేనన్నాను. పసుపు పూసింది తెలియక. ఇది తెలిసే చేశాను.

తర్వాత మూడు వారాలు నేను అడిగిన వరం రోజూ తీరుతూ వచ్చింది. అమ్మా, ఫోర్ సెవెంటీన్ కార్పెట్ మీద నడుస్తుందా? అమ్మా, డ్రైవ్‌వే హాట్‌గా ఉంటే కాళ్ళు కాలతాయి కదా? అమ్మా, నేను పరికిణీ వేసుకుంటే అది భయపడుతుందా? ప్రతి అమ్మాకీ ఊ అనేదాన్ని. ఏదో పని ఉన్నట్టు గరాజ్‌లోకి వెళ్ళిపోయేదాన్ని. కొత్తింట్లో సర్దిన డబ్బాలే మళ్ళీ సర్దాను. ఒకరోజు పిలుపు కార్డుల్లో మిగిలిన ఒకదాని మీద అవని '417' అని రాసి ఫ్రిజ్‌కి అంటించింది. పిలవాలి కదా అంది. ఆ వారమంతా ఫ్రిజ్ తెరవాలంటే నాకు చేతులు వచ్చేవి కావు.

రెండుసార్లు చెప్పబోయాను. ఒకసారి స్కూలు దగ్గర కార్ల వరసలో. వరస కదిలింది. ఇంకోసారి దాని జడ వేస్తూ. నోరు తెరిచేసరికి, "అమ్మా, ఐ యామ్ సో ఎక్సైటెడ్" అంది. రబ్బరు బ్యాండు బిగించి పంపేశాను.

గృహప్రవేశం నాడు పొద్దున తొమ్మిదింటికే పాతికమంది వచ్చేశారు. పంతులుగారు గుమ్మం దగ్గర కలశం పెట్టుకుని వాచీ చూసుకుంటున్నారు. అవని ఆకుపచ్చ పరికిణీలో అరటిపళ్ళ బుట్ట పట్టుకుని డ్రైవ్‌వే చివరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

డేల్ ట్రైలర్ వచ్చింది. ముందు తెల్లావు దిగింది. మూపురం, గంగడోలు, అన్నీ ఉన్నాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. పంతులుగారు తొందరపెట్టారు. "అమ్మా, వెనక భాగానికి పసుపు రాయండి, టైమ్ లేదు." అత్తయ్యగారు పసుపు గిన్నె నా చేతికిచ్చి మొహం పక్కకి తిప్పుకున్నారు. అరచేత్తో రాశాను.

అప్పుడు దూడ దిగింది. ఆ దొడ్లో మనుషులకి మచ్చికైన దూడ అదొక్కటేనట, అందుకే డేల్ దాన్నే తెచ్చాడు. దిగిన దూడ ఆ ఆవు దగ్గరికి పోలేదు. డ్రైవ్‌వే మధ్యలో నిలబడి అరిచింది. నేను అన్నీ ఆలోచించాను గానీ చెవి బిళ్ళల సంగతి ఆలోచించలేదు. దూడ చెవికి నాలుగు వందల పదిహేడు. ఆవు చెవికి మూడు వందల ఎనభై ఎనిమిది.

అవని రెండు చెవులూ చూసింది.

"ఇది కాదు. ఫోర్ సెవెంటీన్ ఏది?"

డేల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నా వైపు చూశాడు. ఆయన అబద్ధం చెప్పడు, నా బదులు నిజమూ చెప్పడు.

"అవనీ, సేమ్ కైండే నాన్నా. పద పద, ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు దివాకర్.

"నాన్నా, ఐ ఆస్క్‌డ్ అమ్మ."

పాతికమందీ మమ్మల్నే చూస్తున్నారు. చెప్పాను.

"లేదమ్మా. ఆ రోజు రాంచ్‌లో దానికి నేను పసుపు రాశాను, మనింటికి పిలుద్దామని. నడుం మీద. వాళ్ళు అది సేల్ గుర్తు అనుకున్నారు. సోమవారం తీసుకెళ్ళిపోయారు."

"ఏ సోమవారం?"

"మనం వెళ్ళొచ్చిన తర్వాతి సోమవారమే."

పిల్ల లెక్క కట్టుకోవడం నాకు కనబడింది. అరటిపళ్ళు, కార్డు, పరికిణీ, మూడు వారాలు. బుట్ట కింద పెట్టింది. మొహం ఏప్రిల్‌లో కార్లో చూసిన మొహమైపోయింది. ఇక అయిపోయింది అనుకున్నాను.

అవని నన్ను దాటుకుని ఆవు వెనక్కి వెళ్ళింది. నేను అప్పుడే రాసిన పసుపు తడితడిగా మెరుస్తోంది.

"ఇది కూడా ఎల్లో" అంది.

"ఇది నా ఆవు, నాకు తెలుసు. ఎక్కడికీ పోదు" అన్నాడు డేల్ మెత్తగా.

"ట్రక్ అతనికి తెలుసా?"

డేల్ ఆవు మెడ తాడు దగ్గరికి లాగి పట్టుకున్నాడు.

అవని పరికిణీ అంచు ఎత్తి ఆవు నడుం తుడవడం మొదలుపెట్టింది. పసుపు ఇంకా పాకింది. పంతులుగారు గుమ్మంలోంచి కేకేశారు. "పాపా, వద్దమ్మా! పూజ పసుపు తుడవకూడదు, అశుభం!"

"తుడవనివ్వండి పంతులుగారూ" అన్నారు అత్తయ్యగారు. ఆ గొంతు విని ఆయన కలశం దగ్గరికి వెనక్కి తగ్గారు.

నేను కార్లోంచి వెట్ వైప్స్ ప్యాకెట్ తెచ్చి పక్కన నిలబడ్డాను. నా వైపు చూడకుండానే చెయ్యి చాపింది. ఒకటి ఇచ్చాను.

"ఇంకోటి."

ఇచ్చాను. అమ్మా అనలేదు. నేనూ ఎదురుచూడలేదు. తొమ్మిదీ నలభై వచ్చింది, పోయింది. లోపలికి వెళ్ళాలో వద్దో తెలియక చుట్టాలూ స్నేహితులూ ఎండలోనే నిలబడ్డారు. దూడ అరుస్తూనే ఉంది. తెల్ల వెంట్రుకల మొదళ్ళలో దిగిన పసుపుని కూడా గోటితో వైప్ నొక్కి మరీ తీసింది అవని. పక్కకి వంగి, ఎండ వాలుకి ఒకసారి చూసి, మళ్ళీ తుడిచింది. కాళ్ళ దగ్గర పచ్చటి వైప్స్ కుప్ప.

చివరికి వెనక్కి జరిగి డేల్‌కి తలూపింది, ఇక ఆవుని వెనక్కి తీసుకెళ్ళొచ్చు అన్నట్టు.

ప్యాకెట్లో ఒక్కటే మిగిలింది. కింద కుప్ప తీసి పారేద్దామని చెయ్యి చాపాను. అవని నా అరచెయ్యి చూసింది. అది కూడా పచ్చగానే ఉంది.

"నెక్స్ట్ టైమ్ ముందే చెప్పు" అంది. "అదే రోజు."

"చెబుతాను."

నా మణికట్టు గట్టిగా పట్టుకుని, ఆ ఆఖరి వైప్‌తో అరచెయ్యి తుడవడం మొదలుపెట్టింది. పసుపు అంత తొందరగా పోదు. నొప్పి పుట్టేలా రుద్దింది. పోయేదాకా వదల్లేదు.